సదరు దారిని ఎవ్వరూ వాడుట లేదు

నదీతీర నడక, సైకిల్ బాట గ్రాంటు ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
నాగర్‌కర్నూల్.

కొత్త చింతరేవు గ్రామ నివాసి, రజాక్ కూతురు షబానా, వయస్సు 34 సంవత్సరాలు, వృత్తి అర్జీలు రాయుట, సమర్పించుకొను మనవి.

విషయం: సోమశిల వైపు నుండి మా ఊరి మీదుగా కృష్ణ ఒడ్డున సర్కారు గ్రాంట్లతో వేసిన పదకొండు కిలోమీటర్ల నడక, సైకిల్ బాటపై నా మూడు చక్రాల సైకిల్‌ను పోనివ్వవలెనని, అందుకు అడ్డముగా ఉన్న నా స్వంత అబద్ధమును రద్దు చేయవలెనని కోరుట గురించి.

సూచిక: 1. నేను స్వహస్తములతో రాసి సంతకము చేసిన పంచనామా.
2. దాని నకలు జతచేసి తమ కార్యాలయము నాకు పంపిన జవాబు (మూడుసార్లు).

అయ్యా,
లేక అమ్మా,

నేను మొదటి అర్జీ పెట్టిన నాటికి తమ సీటులో ఒక సారు ఉన్నారు. రెండవ దానికి మేడమ్ వచ్చారు. ఇప్పుడెవరున్నారో మా ఊరి దాకా కబురు రాలేదు కనుక రెండూ రాశాను. తమకు చెందినది ఉంచుకొని రెండవది కొట్టివేయగలరు.

పదకొండేళ్ళుగా మండల ఆఫీసు గోడ వారన, జిరాక్స్ షాపు ముందు బల్ల వేసుకొని అందరి అర్జీలూ రాసిపెట్టిన దానిని. పింఛను, రేషన్ కార్డు, పాసుబుక్కులో తప్పు పడిన తండ్రి పేరు, ఒరిగిపోయిన కరెంటు స్తంభం, ఏది కావాలన్నా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. ఏ మాట దగ్గర గుమాస్తా చదవడం ఆపేస్తాడో నాకు తెలుసు. ఏడుపు మొదటి పేజీలో పెట్టవద్దని వచ్చినవాళ్ళకు చెప్పేదాన్ని. నా కోసం నేను రాసుకుంటున్నవాటిలో ఇది నాలుగవది. మొదటి మూడూ పద్ధతిగా రాశాను, వాటి గతి ఏమైనదో తమ ఫైలులోనే ఉన్నది. అందుచేత ఇది కొంత పద్ధతి తప్పితే క్షమించవలెను. క్షమించకపోయినా ఇప్పుడు నాకు పోయేదేమీ లేదు.

1. నా రెండు కాళ్ళకూ మూడవ ఏట పోలియో వచ్చినది. చేతులతో తిప్పే మూడు చక్రాల సైకిల్‌ను సర్కారువారే క్యాంపు పెట్టి ఇచ్చారు. మా ఊరి నుండి మండల ఆఫీసుకు రెండు దారులు. ఒకటి గుట్ట మీది రోడ్డు. అది ఎక్కుడు, మలుపు, మళ్ళీ ఎక్కుడు. కాళ్ళున్నవాళ్ళే సైకిల్ దిగి నడిపించుకుంటూ పోతారు. రెండవది నది ఒడ్డున గట్టు మీది మట్టి దారి. మూడు కిలోమీటర్లు, అరచేయిలా చదును, నిండు వానాకాలంలో కూడా మునగదు.

ఆ గట్టు దారిన ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరి సాయంత్రం ఆరులోపు ఇల్లు చేరేదాన్ని. ఎవరూ తోయలేదు, ఎవరూ మోయలేదు. మొదటి రోజు మా అమ్మ ఖైరున్నిసా గడపలో నిలబడి దువా చదివి, నేను మలుపు తిరిగేదాకా చూస్తూ ఏడ్చింది. మూడో వారానికి "వచ్చేటప్పుడు కొత్తిమీర పట్కరా, మర్వకు" అని లోపలి నుంచే కేకేసింది. చూడటానికి బయటికి కూడా రాలేదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు సార్. అందరి ఇళ్ళలో ఆడపిల్లలకు చెప్పినట్టే నాకూ పని చెప్పింది. నేను అడుగుతున్నది ఆ దారినే.

2. తమరు జిల్లాకు కొత్త కావచ్చు కనుక ఒక సంగతి విన్నవించుకుంటాను. మా పాత ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళ కింద ఉన్నది. నేను పుట్టకముందే మునిగింది. నీళ్ళు వచ్చిన నేలా సర్కారుదే, రాబోయిన నేలా సర్కారుదే అయింది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయాక బయటపడే ఒండ్రులో ఉలవలు, పెసలు బాగా పండుతాయని విన్నాను. ఎవరు వేస్తారో నాకు తెలియదు. ఆ పెసలు వాటంతట అవే మొలిచి, వాటంతట అవే మా ఇళ్ళలోకి నడిచి వస్తాయని రాసుకోగలరు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక సారు రిజిస్టరు పట్టుకొని గట్టు మీదికి వచ్చాడు. "అవ్వా, ఈ చేను ఎవరిది?" అని నర్సమ్మవ్వను అడిగాడు. ఆమె ఇప్పుడు లేదు కనుక పేరు రాస్తున్నాను.

"నాదే సారు. సూడు ఎట్ల కాసిందో! ఉత్త చేతుల్తోని పోతవా ఏంది, జర ఆగు" అని ఒడినిండా పెసరకాయలు తెంపి ఆయన రుమాలులో పోసింది.

ఎనిమిదవ రోజు నోటీసు వచ్చింది. పదవ రోజు ట్రాక్టరు వచ్చి కాయ మీదున్న చేనును దున్నేసింది. నర్సమ్మవ్వ గట్టు మీద కూర్చొని "నేనే సెప్తిని, నా నోటితోని నేనే సెప్తిని" అని నోరు కొట్టుకుంది. ఆ నాటి నుండి మా ఊరిలో కాగితం పట్టుకొని వచ్చినవాళ్ళు ఏమి అడిగినా జవాబు ఒక్కటే: "మాకు తెల్వదు సార్. మేం ఆడికి పోం." మా పిల్లలకు ఒకట్లు రాకముందే ఈ మాట వస్తుంది. పెళ్ళిచూపులకు వచ్చిన చుట్టాలు "నది దిక్కు తిరిగొద్దామా" అన్నా మావాళ్ళు ఉలిక్కిపడతారు.

3. రెండేళ్ళ క్రితం తమ బాట కోసం సర్వే సారు వచ్చాడు. మంచి మనిషి, అబద్ధమెందుకు. ఊరి పెద్దలను నా బల్ల దగ్గరికే పిలిపించి కూర్చోబెట్టి అందరికీ చాయ్ చెప్పాడు. "ఢిల్లీ నుంచి సగం, హైదరాబాద్ నుంచి సగం గ్రాంటు వస్తది. గట్టు దారిని ఎవరన్నా వాడుతుంటే చెప్పుండ్రి. వాళ్ళకు తోవ విడిచిపెట్టే కట్టాలె, గ్రాంటు రూలే గట్ల ఉన్నది" అని విడమరచి చెప్పాడు. అరిచి అడిగేవాడి కన్నా చాయ్ తాగించి అడిగేవాడితో ఎక్కువ భయమని మావాళ్ళ అనుభవం.

ఒక పెద్దమనిషి (పేరు రాయను) "మేం ఆడికి పోం సార్, పాములుంటయి" అన్నాడు. ఇంకొకరు "నీళ్ళ గాలికి దమ్మొస్తది సార్" అన్నారు. ఆ చెప్పిన ఆయన కాళ్ళకు మోకాలి దాకా ఒండ్రు అంటి ఉంది.

అప్పుడు సర్వే సారు నా వైపు తిరిగాడు. నా చక్రాలకు గట్టు మట్టి ఇంకా తడిగానే ఉంది. "నువ్వు రోజు ఎట్ల వస్తవమ్మా?" అని అడిగాడు.

చెప్పవచ్చు కదా! నోరున్నది, చదువున్నది, ఊరందరికీ న్యాయం రాసిపెట్టే చెయ్యి ఉన్నది. "మా అబ్బ గుట్ట మీదికెంచి తోసుకొచ్చి దింపుతడు సార్. గట్టు దిక్కు నేను పోనే పోను" అన్నాను. నేనొక్కదాన్ని వాడుతున్నానంటే, అమ్మా ఇంకెవరెవరు వాడతారు, ఎందుకు వాడతారు అని దాని వెనుక ప్రశ్నలు వస్తాయి. ఆ ప్రశ్నల వెనుక ట్రాక్టరు వస్తుంది. నాకు కనబడింది ట్రాక్టరే.

సారు నా చక్రాలు చూశాడు, నా మొఖం చూశాడు, "అట్లనే రాయమ్మా" అన్నాడు. "సదరు దారిని గ్రామస్తులెవ్వరూ ఏ అవసరమునకూ వాడుట లేదు" అని రాసి, సాక్షిగా మొదటి సంతకం నేనే పెట్టాను. చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నాడు కూడా. నా రాతను నేను ఇంతగా తిట్టుకునే రోజు వస్తుందని అప్పుడు అనుకోలేదు.

4. గ్రాంటు వచ్చినది. మా గట్టు దారి మీదనే బాట వేసినారు. ఎర్ర రాళ్ళు, ఇనుప కమ్మీలు, నది చూస్తూ కూర్చోడానికి బల్లలు. బాగుంది, బాగా లేదని ఎవరన్నా అంటే కళ్ళు పోతాయి. ప్రారంభోత్సవం రోజు ఒక బాబు కారులో మా ఇంటికి వచ్చి, "దివ్యాంగుల ఫోటో ఒకటి కావాలి మేడమ్" అన్నాడు. నన్ను మేడమ్ అన్నది ఆ ఒక్కరోజే. పక్క గేటు తెరిచి నా బండిని బాట మీద నిలబెట్టి, చేతికి పచ్చ జెండా ఇచ్చి, నవ్వమన్నారు. నవ్వాను. గ్రాంటు ముగింపు నివేదికలో "దివ్యాంగులకు అనుకూలమా?" అన్న గడిలో "అవును" అని రాసి నా ఫోటోనే అతికించారని తమ కార్యాలయపు రెండవ జవాబు ద్వారా తెలుసుకున్నాను.

5. మరుసటి రోజు ఎనిమిదిన్నరకు పోతే గేటు వద్ద ఆపినారు. మనుషులకు తిరుగుడు గేటు, సైకిళ్ళకు మూరెడు సందు. నా బండి రెండింటిలోనూ పట్టదు. కాపలా తమ్ముడు మా ఊరివాడే, వాడి పేరు కూడా రాయను.

"అక్కా, బోర్డు సదువు. నడిషెటోళ్ళకు, రెండు చక్రాల సైకిళ్ళకు అని రాసిండ్రు. నీ దాన్కి మూడున్నయి. నేనేం చెయ్యాలె?"

"నిన్న పోయిన గదరా!"

"నిన్న ఫంక్షన్ అక్కా."

ఆ మాటకు జవాబు తమ దగ్గర ఉంటే తెలియజేయగలరు. నేను నడవలేను కనుక పాదచారిని కాను. రెండు చక్రాలు కావు కనుక సైకిల్‌దాన్ని కాను. మోటారు లేదు కనుక వాహనమూ కాను. ఆ బాట ఒడ్డున ముప్పై నాలుగేళ్ళుగా బతుకుతున్న నేను తమ రూలు ప్రకారం ఏమిటో ఒక్క మాటలో రాసి ఇచ్చినా, ఆ కాగితం చేత పట్టుకొని తిరుగుతాను. బ్యాటరీ బండికి దరఖాస్తు పెట్టుకోవచ్చునని మూడవ జవాబులో సలహా ఇచ్చారు. అదే జవాబు కింద, బాటపై మోటారు వాహనములు నిషేధమని కూడా రాశారు. ఒకే కాగితం, ఒకే సంతకం.

6. ఈ అంశం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. బాట మీద రోజూ చెత్త ఎత్తే రిక్షా పోతుంది. దానికి మూడు చక్రాలు. పక్క గేటు తెరిచి మరీ పంపుతారు, ఎందుకంటే ఊరు చూడవచ్చినవాళ్ళకు చెత్త కనబడకూడదు.

రిక్షా తోలే మనిషి నా మీద జాలితో "అమ్మా, ఎక్కు, ఎవ్వలేమంటరో సూస్త" అన్నాడు. ఎక్కాను. ఒక్కరోజు ఎక్కాను. నీళ్ళ సీసాలు, తిని పారేసిన చిప్స్ పొట్లాలు, ఒక చిన్నపిల్ల డైపరు, వాటి మధ్య అర్జీల ఫైలు ఒడిలో పెట్టుకొని నేను. నా బండి ఊరి గేటు దగ్గరే ఉండిపోయింది. ఎదురుగా సైకిళ్ళ మీద వస్తున్నవాళ్ళు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని దారి ఇచ్చారు. పదకొండేళ్ళు నా దారి అది సార్! ఏ రాయి ఎక్కడుందో నా చేతులకు తెలిసిన దారి. మండల ఆఫీసు దగ్గర దింపినాక కుళాయి కింద చేతులు కడుక్కొని, ఆ రోజు ఒక్క అర్జీ కూడా రాయలేక ఊరికే కూర్చున్నాను. చెత్తకు తోవ ఉన్నది, నాకు లేదు. ఇంతకన్నా స్పష్టంగా రాయడం నాకు చేతకాదు. ఆ మనిషికి ఇందులో తప్పేమీ లేదు, అతని మీద చర్య తీసుకోవద్దని ప్రార్థన.

7. ఆ తరువాత మా అబ్బ రజాక్, వయస్సు 66, గుట్ట మీది రోడ్డున నన్ను తోయడం మొదలుపెట్టాడు. నేను సర్వే సారుకు చెప్పిన అబద్ధం ఆ విధంగా నిజమైంది. రెండు నెలలు తోశాడు. ఎక్కుడు దగ్గర ఆయన దమ్ము నా మెడ వెనుక వినబడేది. "ఆపు అబ్బా, జర కూసో" అంటే "నీకు టైమైతది బేటీ" అనేవాడు. రెండవ మలుపు దగ్గర కాలు జారి పడ్డాడు. బండి వెనక్కి జారితే తన భుజం అడ్డం పెట్టి ఆపాడు. ఆ భుజం ఎముక విరిగింది. దవాఖానలో పట్టీ కట్టి, బరువు ఎత్తవద్దన్నారు. ఆ బరువు నేనే.

నేటికి నలభై ఏడు రోజులు. నేను ఇంట్లో ఉన్నాను. నా బల్ల మీద ఇప్పుడు జిరాక్స్ షాపాయన కూల్‌డ్రింకు సీసాలు పెట్టుకున్నాడట. మా అమ్మ నాకు ఏ పనీ చెప్పదు. అన్నం కంచంలో పెట్టి చేతికిస్తుంది, తాగాక గ్లాసు తీసుకుపోతుంది. "నువ్వు కూసో బేటీ, నేన్ తెస్త కదా" అంటుంది ప్రేమగా. ఆ ప్రేమ చూస్తే నాకు భయమేస్తుంది. నేను కుంటిదానినని నాకు మూడవ ఏటి నుండి తెలుసు. కానీ కదలలేనిదానినని తెలిసింది ఈ నలభై ఏడు రోజుల్లోనే.

8. తమ కార్యాలయం మూడుసార్లూ చివరకు ఒకే జవాబు ఇచ్చింది: సదరు దారికి వాడకందారులెవ్వరూ లేరని గ్రామస్తులే రాసి ఇచ్చినందున, ఎవరి దారి హక్కుకూ భంగము కలుగలేదు. కింద నా చేతిరాత జిరాక్సు. నా అర్జీకి నేనే జవాబు రాసి పెట్టుకున్నట్టుంది. తమను ఏమనను?

కొత్త పంచనామా రాసి, ఈ దారి వాడుతున్నామని సంతకాలు పెట్టమని ఊరిలో అడిగించాను. ఒక్కరూ పెట్టలేదు. మొదట చెప్పిన ఆ పెద్దమనిషే మా ఇంటికి వచ్చి, గడపలో కూర్చొని, "నువ్వు తోవ అడుగుతున్నవు బిడ్డా. వాళ్ళు తోవ పక్కపొంటి కిందికి సూస్తరు. నీ ఒక్కదాని కోసం ఊరి నోట్ల మన్ను కొట్టమంటవా?" అన్నాడు. కోపంతో "ఔ, కొట్టుండ్రి!" అన్నాను. ఆయన తలవంచుకొని లేచి పోయాడు. ఆయన పింఛను అర్జీ రాసింది నేనే, ఆయన మనవరాలి కుల ధ్రువపత్రం రాసింది నేనే. కోపం తగ్గాక చూస్తే ఆయన అన్నదాంట్లో తప్పు దొరకలేదు. నేను కూడా ఆ ఒండ్రులో... వద్దు. నాకు తెలియదు.

9. కావున ఈ కింది ఒప్పుకోలును నా ఒక్కదానిదిగానే స్వీకరించవలెను:

రజాక్ కూతురు షబానా అను నేను, పదకొండేళ్ళు, రోజుకు రెండుసార్లు, సదరు గట్టు దారిని వాడినాను. పంచనామాలో రాసినది అబద్ధము. అబద్ధమని తెలిసే రాసినాను. గ్రామములోని ఇతరులు ఆ వైపు పోవుట నేను చూడలేదు. తప్పుడు సాక్ష్యమునకు నాపై కేసు పెట్టదలచితే పెట్టవచ్చును. వాయిదాలకు హాజరు కావడానికి నాకు అభ్యంతరం లేదు, అయితే కోర్టుకు కూడా ఆ గట్టు దారినే రావలసి ఉన్నది.

10. నేను గ్రాంటులో భాగం అడగడం లేదు. కొత్త దారి అడగడం లేదు. బోర్డు మార్చమనడం లేదు, ఫోటో తీసేయమనడమూ లేదు. చెత్త రిక్షా కోసం తెరిచే పక్క గేటును ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి, సాయంత్రం ఐదున్నరకు ఒకసారి, నా బండి దాటేంతసేపు తెరిచి ఉంచమని ఉత్తర్వు ఇప్పించవలెను. బాట మీద వచ్చిపోయేవాళ్ళకు నేను కనబడటం ఇబ్బంది అయితే అరగంట ముందే బయలుదేరుతాను.

ఇతరుల అర్జీల కింద వేలసార్లు చిత్తగించవలెనని రాశాను. ఆ మాట రాసేటప్పుడు నా చేయి ఆగేది కాదు, అలవాటు. ఈసారి ఆగింది. తమరు చదవకుండానే నాలుగవసారి అదే జిరాక్సు పంపుతారేమోనన్న భయంతో ఆగింది. అయినా రాస్తున్నాను: చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయురాలు, పంచనామా మొదటి సాక్షి,
షబానా

మనవి: ఈ అర్జీని మా అబ్బ తెస్తున్నాడు. ఒక చేయి మెడకు కట్టి ఉంటుంది, గుర్తుపట్టడం కష్టం కాదు. బస్సు దిగి ఎండలో నడిచి వస్తాడు కనుక దయచేసి కూర్చోమనండి. ఆయనకు చదువు రాదు, ఇందులో ఏమున్నదో నేను చదివి వినిపించలేదు. వినిపిస్తే తేడు.

తమరు ఆయనను ఏమీ అడగవద్దు. పొద్దున నేనే ఒకసారి అడిగి చూశాను. "అబ్బా, సారు గిట్ల అడుగుతడు, నీ బిడ్డ గట్టు తోవల పోయేదా అని. ఏమంటవు?" అన్నాను. ఆయన తువాల భుజం మీది నుంచి తీసి, నేనే సారునైనట్టు ఒంగి, "లేదు సారూ, నా బిడ్డ యాడికి పోదు. ఇంట్లనే ఉంటది" అన్నాడు. అని, నన్ను కాపాడినట్టు నా వైపు చూసి నవ్వాడు.

తమ ముందు కూడా అదే అంటాడు. దయచేసి అది రాసుకోవద్దు.